మందూ కాదు, తిండీ కాదు

పొద్దున షటరు ఎత్తబోతుంటే జేబులో ఫోను మోగింది. మా బోధన్ మెడికల్ షాపులవాళ్ల గ్రూపులో ఆయన ఫొటో పెట్టారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు గుర్తింపు కార్డు కోసం దిగిన ఫొటో. మెడదాకా గుండీలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టినట్టు చూస్తున్నాడు. కింద ఒకటే వాక్యం: డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన సార్ నిన్న నిజామాబాద్‌లో చనిపోయారు. ఆ వెంటనే దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి వెనకే ఒక డిస్ట్రిబ్యూటరు మోకాళ్ల నొప్పుల పొడి మీద స్కీము పెట్టాడు, పది డబ్బాలు తీసుకుంటే రెండు ఉచితమని. చూసుకోకుండా దానికి కూడా ఎవరో దండమే పెట్టారు.

షటరు సగం ఎత్తి అలాగే వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను. నాకు బాధ కలగాలి. కానీ మొదట కలిగింది బాధ కాదు, తెరిపి. ఇక ఆయన నన్ను ఏమీ అడగడు. అలా అనిపించినందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఆయన పేరు రాస్తే నా పేరూ రాయాలి. అంత ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆయన బస్సులో వచ్చేవాడు. జిల్లాలో మందుల షాపులు తనిఖీ చేసే అధికారి అంటే జీపులో దిగుతాడని కొత్తగా షాపు పెట్టినవాళ్లు అనుకునేవాళ్లు. ఈయన నిజామాబాద్ బస్సు దిగి, ఎండకు రుమాలు నెత్తిన వేసుకుని, చంకలో రెగ్జిన్ సంచీతో నడుచుకుంటూ వచ్చి గిరాకీ జనంలో కలిసి నిలబడేవాడు. తన వంతు వచ్చేదాకా నోరు విప్పేవాడు కాదు. ముందున్న మనిషికి నేను ఏ మందు ఇచ్చానో, ఏం చెప్పి ఇచ్చానో మొత్తం వినేవాడు. తర్వాత సంచీ కౌంటరు మీద పెట్టి, "ఏం తమ్మీ, మంచిగున్నవా?" అనేవాడు. ఆ పలకరింపు వినగానే మేం లైసెన్సు, బిల్లు పుస్తకాలు బయటికి తీసేవాళ్లం.

చాయ్ తాగేవాడు కాదు. నీళ్లు కూడా తన సీసాలోవే. ఒక ఎండాకాలం ఆయన సీసా ఖాళీ అయింది. పాపం అనిపించి నేను ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ల సీసా తీసి ఇచ్చాను. ఆయన తాగలేదు. "ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్‌ల తాగే నీళ్లు ఎందుకున్నయ్ తమ్మీ?" అని అడిగి, అక్కడే నిలబడి నోటీసు రాశాడు. మూడు రోజులు షాపు మూసుకున్నాను. ఆ కోపం నాకు చాలాకాలం ఉంది.

సంచీలో లక్క కడ్డీ, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర, పురికొస ఉండేవి. వాటితోపాటు పిడి విరిగితే దారం చుట్టుకున్న ఒక భూతద్దం. మా వాళ్లు ఆయనకు భూతద్దం సార్ అని పేరు పెట్టారు. డబ్బా మీద చీమంత అక్షరాలను దాంతో చదివేవాడు. చదివి ఊరుకోడు, పక్కనున్న గిరాకీ చేతికి ఇచ్చేవాడు. "పెద్దాయనా, ఏం కొంటున్నరో జర మీరే సదువుండ్రి." చదువు రాని రైతులు దాన్ని అందుకుని మొహమాటంగా తమ గోళ్లు చూసుకునేవాళ్లు. అప్పుడు ఆయనే చదివి వినిపించేవాడు, కంపెనీ పేరు, ఊరు, పిన్‌కోడుతో సహా. మాతో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "రాసిందే చెప్పుండ్రి తమ్మీ. డబ్బా మీద లేని మాట మీ నోట్లె ఎందుకుండాలె?"

నందిపేట్ దిక్కు పసుపు పండించే ఇంట్లో పుట్టాడు. అందుకేనేమో, ఏ పొడి చేతికొచ్చినా ఎడమ అరచేతిలో కొద్దిగా పోసుకుని, కుడి బొటనవేలితో రుద్ది, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. ఇది పోయిన ఏటి సరుకు అనో, ఇందులో బియ్యప్పిండి కలిసిందనో చెప్పేవాడు. ఆయన రుమాలు మూలలు ఎప్పుడూ పచ్చగా ఉండేవి.

ఇంకో అలవాటు. ఎవరైనా ఆయన చేయలేని పని అడిగితే రెండు అరచేతులూ చాపి "నా చేతుల లేదు" అనేవాడు. అందరూ అనే మాటే. కానీ ఆయన ఆ మాట అన్నాక తన చేతుల వైపు కాసేపు చూసేవాడు.

కరోనా తగ్గాక మా షాపుల తీరు మారింది. అంతకుముందు మూలకెక్కడో ఉండే ఆకుల డబ్బాలు ముందు వరసలోకి వచ్చాయి. షుగరుకు ఒక పొడి, లావుకు ఒక పొడి, కీళ్లకు ఒక పొడి. వీటిని అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు. కిరాణా కొట్లో అమ్మొచ్చు, సంతలో గొడుగు కింద పెట్టుకుని అమ్మొచ్చు. గోలీల మీద మిగిలేదానికంటే వీటి మీద మిగిలేది ఎక్కువ. మోకాళ్ల నొప్పుల పొడి ఒకటి నా షాపులో బాగా పోయేది. నాట్లేసే ఆడవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇళ్ల దగ్గర కూర్చున్న పాత కార్మికులు వచ్చి కొనేవాళ్లు. అది పనిచేసేది. రెండు రోజుల్లో మంచం పట్టిన మనిషి లేచి నడిచేవాడు.

నేను ఫార్మసీ చదివినవాణ్ణి. ఆకుల పొడి రెండు రోజుల్లో అలా పనిచేయదని నాకు తెలుసు. ఏది అలా పనిచేస్తుందో కూడా తెలుసు. స్టెరాయిడ్ గోలీలు నూరి కలిపితే పనిచేస్తుంది. అయినా ఆ సంగతి ఎప్పుడూ పూర్తిగా తలుచుకోలేదు. తలుచుకుంటే అమ్మలేను.

కొనేవాళ్లలో లచ్చవ్వ ఒకామె. కోటగిరి దిక్కు ఊరు. యాభై ఐదేళ్లుంటాయి. పదిహేను రోజులకోసారి ఆటోలో వచ్చి, తనతోపాటు వాడకట్టు వాళ్లకూ కొనుక్కుపోయేది. మొదటిసారి వచ్చినప్పుడు ఎముకలు తేలిన మొహం. రెండేళ్లలో ఆ మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా ఉబ్బింది. అది ఏ ఉబ్బో పుస్తకంలో చదువుకున్నవాణ్ణే నేను. ఆమె మాత్రం సంతోషంగా ఉండేది.

ఆమె వచ్చిన ఒకరోజు సార్ షాపులోనే ఉన్నాడు.

"పొడి ఉన్నదా బిడ్డా? మూడు డబ్బలియ్యి. నాకొకటి, మా వాడకట్టోళ్లకు రెండు."

సార్ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఆమె మొహాన్నే చూస్తున్నాడు.

"అవ్వా, ఎన్ని దినాల సంది తింటున్నవు ఇది?"

"రెండేండ్లాయె సారూ. నాట్లకు వోతే మోకాళ్లు వంగకపోతుండె. బీడీలు సేద్దామంటే యేళ్లు గుంజుతుండె. గిది తిన్నంక మల్ల పొలానికి వోతున్న. మొకం గూడ నిండింది సూడు. మా కోడలు పెండ్లికూతురు లెక్కున్నవంటది."

"చేతుల మీద ఈ నల్లమచ్చలేంది?"

"ఏమన్న తాకితే గిట్లనే అయితున్నయ్."

"కాలు జర ఇటు పెట్టు అవ్వా."

ఆమె నవ్వుతూనే చీర అంచు కొద్దిగా ఎత్తింది. సార్ వంగి చీలమండ పైన బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక అక్కడ గుంట పడి, పూడకుండా అలాగే ఉంది. ఆయన లేచి డబ్బా తీసుకున్నాడు.

"దీని మీద ఏం రాసున్నదో ఎర్కేనా అవ్వా?"

"నాకు సదువు రాదు సారూ. ఆకులంట గదా. గీ బిడ్డనే చెప్పిండు."

సార్ నావైపు తిరిగాడు. భూతద్దం పెట్టి చదివాడు. ముందువైపు పెద్ద అక్షరాల్లో, మూడు రోజుల్లో మోకాళ్ల నొప్పులు మాయం. వెనకవైపు చీమంత అక్షరాల్లో, ఇది ఆహార పదార్థం, ఏ రోగానికీ మందు కాదు. తినే సరుకుల మీద ఉండే లైసెన్సు నంబరు ఒకటి. ఆకుల పేర్లు నాలుగు.

"ఇయ్యాల్టి సంది ఇది తినకు అవ్వా. బందు చెయ్యి."

"బందు చేస్తే నొప్పులు లేస్తయి గద సారూ."

"లేస్తే లేవనియ్యి. పానం ముఖ్యం గదా. బందు చెయ్యి."

ఆమె నా మొహం చూసింది. సార్ ఎదుట ఇంకేం చేయాలో తెలియక తలూపాను. ఖాళీ సంచీ మడుచుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు ఆయన నమూనా తీశాడు. నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్కటీ కవర్లో పెట్టి, దారం చుట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి ముద్ర వేశాడు. ఒక భాగం నాకే ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఇది తినే సరుకుగా రాసుంది కాబట్టి తనకు దీన్ని పట్టుకునే అధికారం ఉందో లేదో తెలియదని కూడా ఆయనే చెప్పాడు. "లోపల గోలీ కలిసి ఉంటే మాత్రం నాదే. కలిసిందా లేదా అన్నది పరీక్ష చేస్తెనే తెలుస్తది. రిపోర్టు వచ్చేదాక అమ్మకు తమ్మీ" అన్నాడు. ఆయన వెళ్లిన గంటలోపే మిగిలిన డబ్బాలన్నీ ఏజెంటుకు వాపసు పంపేశాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. సంచీ లేదు. గిరాకీలో నిలబడలేదు. నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చి చెక్కను రెండు చేతులతో పట్టుకున్నాడు. నిజామాబాద్ పెద్ద దవాఖానలో డాక్టరును కలిసి లచ్చవ్వ సంగతి చెప్పాడట. పొడిలో అనుమానించినదే ఉంటే, రెండేళ్లు తిన్న మనిషి ఒక్కసారిగా మానేయకూడదని ఆ డాక్టరు చెప్పాడు. ఒంట్లో సహజంగా తయారయ్యేది ఆగిపోయి ఉంటుంది. బయటినుంచి వచ్చేదీ ఆగితే మనిషి కుప్పకూలుతుంది. డాక్టరు చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించాలి.

"నాకు తెల్వకపాయె తమ్మీ. బందు చెయ్యమని నా నోటితోనే చెప్పిన. ఆమెది ఏ ఊరు?"

నాకు ఊరు తెలుసు. వాడ కూడా తెలుసు. కానీ నా మనసులో ఉన్నది వేరే. ఈయన ఆ ఊరు పోతాడు, ఆమె వాంగ్మూలం రాసుకుంటాడు, ఎక్కడ కొన్నావంటే నా షాపు చెబుతుంది, అది కాగితం మీదికి ఎక్కుతుంది. కేసు అయితే లైసెన్సు పోతుంది.

"కోటగిరి దిక్కు సార్. ఊరు తెల్వది."

"మల్ల వస్తదా?"

"వస్తది సార్."

"వస్తే ఏం చెప్తవ్?"

బడిపిల్లాడిలా ఆయన ఎదుట అప్పజెప్పాను. ఒక్కసారే మానొద్దు, ఖాళీ డబ్బా పట్టుకుని పెద్ద దవాఖానకు పోవాలె. రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆమె రాగానే ఫోను చేయమని నంబరు కౌంటరు అద్దం కింద పెట్టాడు.

మరో రెండు రోజులకు ఆమె వచ్చింది. ఆటో దిగి షాపుదాకా రావడానికి గోడ పట్టుకుంది. మెట్టు మీదే కూర్చుండిపోయింది.

"వాంతులైతున్నయ్ బిడ్డా. కాళ్లల్ల సత్తువ లేదు. ఆ సారు చెప్పిండని బందు చేసిన. ఒక్క డబ్బియ్యి. లేసి తిరిగితే సాలు."

షాపులో అప్పుడు ఇద్దరు ఉన్నారు. వాళ్లలో ఒకడు కొత్త మనిషి, నోట్‌బుక్ పట్టుకుని ఉన్నాడు. సార్ పంపినవాడేమో, నేను పొడి అమ్ముతానా లేదా చూడటానికి వచ్చాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అతను కరెంటు మీటర్లు చూసే మనిషి.

"అసొంటి పొడి మా దగ్గర లేదవ్వా" అన్నాను.

"మరి ఏం చెయ్యాలె బిడ్డా?"

పెద్ద దవాఖానకు పో అనే మాట నాలుక మీదే ఉంది. డబ్బా పట్టుకుని పోతే ఎక్కడిదని అక్కడ అడుగుతారు.

"సారు చెప్పినట్టు చెయ్యి" అన్నాను.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు ఇచ్చాను. నీళ్లలో కలుపుకుని తాగమన్నాను. ఆమె వాటిని కొంగున కట్టుకుని, మళ్లీ గోడ పట్టుకుని ఆటోదాకా నడిచింది.

సార్ రోజూ ఫోను చేసేవాడు. "వచ్చిందా తమ్మీ?" "రాలేదు సార్." మొదటిరోజు ఆ మాట అనడానికి షాపు వెనక్కి వెళ్లాను. మూడోరోజుకు అలవాటైంది.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. నెల దాటాక ఒక సోమవారం వచ్చాడు. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. కౌంటరు బయట గిరాకీ కోసం వేసిన స్టూలు మీద కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆయన మా షాపులో కూర్చోవడం అదే మొదటిసారి.

"దొరికింది తమ్మీ" అన్నాడు.

సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఆయన కోటగిరి మండలంలో ఊరూరూ తిరిగాడు. బస్సు పోయినంత దూరం బస్సులో, పోనిచోట నడిచి. మొహం ఉబ్బిన బీడీల అవ్వ ఎవరన్నా ఉన్నారా అని హోటళ్ల దగ్గర అడిగాడు. ప్రతి ఊళ్లోనూ అలాంటి అవ్వలు నలుగురైదుగురు ఉన్నారట. అందరి ఇళ్లలోనూ అదే డబ్బా. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, ఒక్కసారే మానొద్దు, దవాఖానకు పోండ్రి అని చెప్పుకుంటూ వచ్చాడు. నాలుగో ఆదివారం లచ్చవ్వ ఇల్లు దొరికింది. ఆమె ఫొటోకు దండ వేసి ఉంది.

"కొడుకు దుబాయిల ఉన్నడు. కోడలొక్కతే ఉన్నది. ఎవరో సారు బందు చెయ్యమన్నడట, బందు చేసింది, వాంతులై పడిపోయింది, ఊళ్ల డాక్టరు సెలైన్ పెట్టిండు, తెల్లారేసరికి పోయింది అని చెప్పింది." ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ సారు నేనేనమ్మా అని చెప్పిన."

"ఆమె ఏమన్నది సార్?"

"ఏమనలే. కుర్చేసింది. నీళ్లిచ్చింది. తాగిన."

ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. వాటివైపు చూడలేదు. బయట రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు పోతుంటే అది దాటిపోయేదాకా ఆగి అడిగాడు.

"ఆ నడుమల నీ షాపుకు ఒక్కసారన్న రాలేదా తమ్మీ?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆమె ఎలాగూ లేదు. చెబితే ఆయన భారం సగం నా మీదికి వచ్చేది, ఆయన కొంచెం తేలికగా లేచి వెళ్లేవాడు. అది నాకు ఆ నిమిషంలోనే స్పష్టంగా తెలుసు.

"రాలేదు సార్" అన్నాను.

"వస్తే నువ్వు చెప్పేటోనివే. నేనే ముందుగాల తిరగాల్సింది. రెండో ఆదివారం ఇంట్ల సుట్టాలొస్తే ఆగిపోయిన" అన్నాడు. ఆ ఒక్క ఆదివారాన్ని ఆయన చివరిదాకా పట్టుకుని ఉన్నాడు. కానీ ఆయన మొదటి ఆదివారం బయల్దేరేసరికే ఆమె పోయి ఉంది. ఏ రోజు పోయిందో ఆయన కోడలిని అడగలేకపోయాడు. ఆమెను మెట్టు మీద చూసిన నాకు ఆ లెక్క తెలుసు, ఆయనకు తెలియదు. నా మాటను బట్టి ఆయన వేరే లెక్క కట్టుకున్నాడు.

నమూనా సంగతి తేలలేదు. మందుల ప్రయోగశాల, ఇది తినే సరుకు, మా పరిధి కాదని తిప్పి పంపింది. తిండి సరుకులు చూసే కార్యాలయం, నొప్పి తగ్గిస్తామని రాశారు కాబట్టి ఇది మందు, మా పరిధి కాదంది. ఆయుర్వేదం విభాగం, దీని మీద మా లైసెన్సు నంబరే లేదు, మాకు సంబంధం లేదంది. ప్రతి కాగితమూ చక్కటి భాషలో, పై అధికారి సంతకంతో, నెలల తేడాతో వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆయన నాకు చూపించేవాడు. ఎందుకో నాకే చూపించేవాడు. ఈ సంగతిలో తనతోపాటు ఉన్న మనిషిని నేనే అనుకున్నాడేమో.

"మందూ కాదంట, తిండీ కాదంట. మరి ఆమె తిన్నదేంది తమ్మీ?"

డబ్బా మీదున్న చిరునామా వెతుక్కుంటూ సొంత ఖర్చుతో వేరే రాష్ట్రం పోయొచ్చాడు. అక్కడ మిషన్ కుట్టే దుకాణం ఉందట. వాళ్లు ఈ పొడి పేరే వినలేదు. అయినా ఊరుకోలేదు. ఇలాంటి పొడులు అమ్మే ప్రతి షాపులో, ఒక్కసారిగా మానొద్దు, డాక్టరును కలవండి అని బోర్డు పెట్టించాలని పై వాళ్లకు రాశాడు. అమ్మకాన్ని ఆపితే సరిపోదు, తినేవాళ్లను వెతికి దవాఖానకు చేర్చాలి, లేకపోతే మనమే చంపినవాళ్లమవుతాం అని రాశాడు. జవాబు రాలేదు. చివరకు, మళ్లీ పంపిన నమూనా మీద, ఏడాదిన్నర తర్వాత ప్రయోగశాల నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నమూనా గడువు తీరిపోయింది, పరీక్షకు పనికిరాదు. ఆ నెలాఖరుకు ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభకు మా సంఘం తరఫున శాలువా పట్టుకుపోయాం. శాలువా ఆయన భుజాల మీద నేనే కప్పాను.

రిటైరయ్యాక ఒక్కసారి వచ్చాడు. బోధన్‌లో ఏదో పెళ్లి. కొంచెం వంగిపోయాడు. పొడి అప్పటికే తిరిగి వచ్చేసింది. పేరు మారింది, డబ్బా రంగు మారింది, పూటకు మాత్రం అదే చెంచా, రెండు రోజుల్లో అదే గుణం. పక్క షాపులన్నీ అమ్ముతుంటే నేనొక్కణ్ణి ఎందుకు మానాలని మళ్లీ మొదలుపెట్టాను. ఆయన బస్టాండు వైపునుంచి నడిచి రావడం అద్దంలోంచి కనిపించి, ముందు వరసలోని డబ్బాలు కౌంటరు కిందికి తోసేశాను.

ఆయన షెల్ఫులన్నీ మెల్లగా చూశాడు. "ఇప్పుడు నాకు సూసే హక్కు లేదు తమ్మీ, ఊకెనే సూస్తున్న" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఒక పాత ఫ్యాక్టరీ కార్మికుడు వచ్చి మోకాళ్ల పొడి అడిగాడు. వారం కిందే నా దగ్గర కొన్నవాడు.

"గసొంటివి మేం అమ్ముతలేం అన్నా" అన్నాను.

అతను నా మొహం చూశాడు, సార్ మొహం చూశాడు, మెట్లు దిగిపోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకుపోయాడు.

సార్ మాత్రం నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వొక్కనివన్న మాట మీదున్నవు తమ్మీ" అన్నాడు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు. అదే ఆఖరు చూపు.

చనిపోయిన మూడోరోజు నిజామాబాద్ వెళ్లాను. చిన్న డాబా ఇల్లు. ముందు గదిలో చాప పరిచారు. పెద్దగా జనం లేరు. నేనెవరో, ఏ ఊరో చెప్పగానే ఆయన భార్య ముందుకు జరిగి కూర్చుంది.

"బోధన్ షాపు అన్న మీరేనా? ఆయన మీ ముచ్చట మస్తుసార్లు చెప్పేటోడన్నా. ఇన్నేండ్ల నౌకరిల నేను చెప్పిన మాట విన్న షాపు ఒక్కటేనే అనేటోడు."

నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. ఆమె చివరి రోజుల గురించి చెప్పింది. నిద్రలో కోటగిరి బస్సు ఎన్ని గంటలకని అడిగేవాడట. వాళ్లు అదేదో పాత డ్యూటీ సంగతి అనుకున్నారట. ఆ కోడలికి ప్రతి ఏడూ ఉత్తరం రాసేవాడని, ఆమెనుంచి ఎప్పుడూ జవాబు రాలేదని కూడా చెప్పింది. లచ్చవ్వ ఆ రోజు నా షాపు మెట్టు మీద కూర్చుందని చెప్పడానికి ఇంతకంటే అదను దొరకదు. విని ఆమె నన్ను తిట్టేది, లేదా ఏడ్చేది. ఏదో ఒకటి జరిగేది. గొంతు సవరించుకున్నాను. చాయ్ తెచ్చి ఇచ్చారు. తాగాను.

లేవబోతుంటే కూతురు లోపలినుంచి ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఏదో బ్యాంకులో పనిచేస్తుందట.

"నాన్న రాసిన లెటర్ల కాపీలు అంకుల్. అమ్మ పాత పేపర్లోళ్లకు ఇచ్చేద్దామంటున్నది. నాకు మనసొప్పుతలేదు. మీకైతే ఈ సంగతులు తెలుస్తయి గదా. ఇవి ఏ ఆఫీసులనన్న, ఎవరికన్న పనికొస్తయా?"

పురికొస విప్పాను. పైనున్నది ఆయన చేతిరాతే, గుండ్రటి అక్షరాలు. మానేయమని నేను చెప్పినందువల్లనే ఆమె మరణించినదని నమ్ముతున్నాను, దీనికి నాపై విచారణ జరిపినా అభ్యంతరం లేదు, కానీ ఇంకొకరికి ఇలా జరగకుండా చూడవలసిందిగా మనవి. కిందుగా ఇంకో వాక్యం. ఆమె మరల దుకాణమునకు రాలేదని దుకాణదారు తెలిపియున్నాడు, అతడు అన్ని విధాల సహకరించినాడు.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. కూతురు నా మొహం చూస్తూ నిలబడి ఉంది. కాగితాలు సర్ది, పురికొస మళ్లీ చుట్టి, ముడి వేశాను.

"పనికిరావమ్మా" అన్నాను.

ఆమె నా మాట నమ్మింది.